పిల్లి పుండుకు పురుగు పట్టినప్పుడు: తీసినా తగ్గకపోతే ఏం చూడాలి?

పురుగులన్నీ తీసేశామని అనుకున్న మరునాడే మళ్ళీ కనిపిస్తే, ముందుగా పుండు చుట్టూ ఉన్న బొచ్చును విడదీసి చూడండి. సన్నని నూకల్లాంటి తెల్లని ఈగ గుడ్లు వెంట్రుకల మొదళ్ళకు గుత్తులుగా అంటుకుని ఉంటాయి. ఎండాకాలంలో అవి 24 గంటలలోపే పురుగులవుతాయి. పుండును శ్రద్ధగా కడిగి, బొచ్చును వదిలేసేవారినే నేను ఎక్కువగా చూశాను. చుట్టూ రెండంగుళాల మేర బొచ్చు కత్తిరించి, మిగిలిన గుడ్లను పేను దువ్వెనతో దువ్వి తీయాలి.

గుడ్లు లేకపోయినా పురుగులు వస్తున్నాయంటే పుండు లోపల సంచిలాంటి ఖాళీ ఏర్పడి, అందులో పురుగులు మిగిలి ఉండవచ్చు. కొట్లాటలో పడిన కోరగాటు పైకి చిన్న రంధ్రంలాగే ఉన్నా చర్మం కింద చాలా దూరం వ్యాపిస్తుంది. సూది తీసిన సిరంజితో గోరువెచ్చని సెలైన్‌ను మెల్లగా పోస్తూ, పైకి వచ్చిన పురుగులను నలపకుండా పట్టకారుతో తీయాలి. లోతుగా ఉన్నవాటి కోసం మీరు కెలకవద్దు. మత్తు ఇచ్చి శుభ్రం చేయడం పశువైద్యుని పని.

అందరూ పొరబడే లక్షణం మరొకటి ఉంది. పురుగులు పోయాక పిల్లి చొంగ కారుస్తూ, వణుకుతూ, తూలుతుంటే పుండు ముదిరిందనుకుని మరికొంత మందు పోస్తారు. చాలాసార్లు కారణం ఆ మందే. పశువుల పుండ్లకు వాడే టర్పెంటైన్, ఫినాయిల్, ఇంట్లో ఉండే డెట్టాల్, కర్పూరం కలిపిన నూనె, కుక్కల కోసం అమ్మే పెర్మెత్రిన్ అనే పురుగుమందు పొడి, ఇవన్నీ పిల్లికి విషాలే. ఇలాంటి పదార్థాలను విరిచి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. పైగా అది ఒంటిని నాకి, పూసినదంతా కడుపులోకి తీసుకుంటుంది. ఆవుకు పనిచేసింది కదా అని నేనూ ఒకసారి టర్పెంటైన్ పోసి, ఆ రాత్రంతా ఒక పిల్లి పడిన బాధను పక్కనే కూర్చుని చూశాను. అలా జరిగితే గిన్నెలు తోమే ద్రవ సబ్బు కొద్దిగా వేసి గోరువెచ్చని నీటితో కడిగి, తుడిచి, వెచ్చగా ఉంచి, నాకకుండా మెడ చుట్టూ గరాటులాంటి పట్టీ కట్టి, ఏ మందు వేశారో ఆ సీసాతో సహా వెంటనే వైద్యుని దగ్గరకు తీసుకెళ్ళాలి. వాంతి చేయించే ప్రయత్నం చేయవద్దు. నొప్పి తగ్గుతుందని పారాసెటమాల్ అసలే ఇవ్వవద్దు; ఒక్క మాత్రతోనే పిల్లి చనిపోవచ్చు.

కణితి, మధుమేహం వల్ల పుండు మానకపోవడం అరుదు. వాటి సంగతి వైద్యుడు చూసుకుంటారు. పుండు కంటి దగ్గరో, చెవిలోనో, మలద్వారం వద్దనో ఉన్నా, పిల్లి ఒళ్ళు చల్లబడి తిండి మానేసినా, ఇంట్లో పురుగులు ఏరుతూ కూర్చోకుండా నేరుగా ఆసుపత్రికి బయలుదేరండి.