వండర్‌లా దగ్గర చవక హోటల్లో దిగే ముందు జాగ్రత్తలు

హైదరాబాద్ శివారు రావిర్యాలలోని వినోద పార్కు వండర్‌లాకు దగ్గర అన్న మాట చూసి గది బుక్ చేసుకునే ముందు, ఆ హోటల్ అవుటర్ రింగ్ రోడ్డుకు ఏ వైపున ఉందో, ఉదయం అక్కడ ఆటో గానీ క్యాబ్ గానీ దొరుకుతుందో లేదో ఫోన్ చేసి కనుక్కోవాలి. మ్యాపులో పక్కనే కనిపించినా సర్వీసు రోడ్డు వెంట చుట్టు తిరగవలసి రావచ్చు.

చెక్ ఇన్ మధ్యాహ్నమైతే, తెల్లవారుజామున బస్సు దిగిన కుటుంబం పిల్లలతో సహా లాబీలోనే కూర్చోవలసి వస్తుంది కనుక, గది ముందే ఇస్తారా, అందుకు అదనంగా ఎంత తీసుకుంటారు అన్నది వాట్సాప్‌లోనైనా రాయించుకోవాలి. నోటి మాట కౌంటర్‌లో మనిషి మారగానే మారిపోతుంది.

పెద్దవాళ్లందరి ఒరిజినల్ గుర్తింపు కార్డులు వెంట ఉండాలి. పాన్ కార్డుపై చిరునామా ఉండదు, కాబట్టి ఆధార్ మేలు.

డబ్బు కట్టక ముందే గదిలోకి వెళ్లి గీజరు, తలుపు గడియ, దుప్పట్లు చూసుకోవాలి. నీటి ఆటల్లో తడిసిన నైలాన్ దుస్తులు ఆరేయడానికి చిన్న తాడు తీసుకెళ్లాలి.