నలభై మూడేళ్లకు ట్రయాథ్లాన్: ముందు మాస్టారిని వెతుక్కోండి, సైకిల్ తర్వాత

బెజవాడ ఆటోనగర్‌లో మాది లారీ స్పేర్ పార్టుల కొట్టు. పొద్దున తొమ్మిదిన్నరకి షట్టర్ ఎత్తితే రాత్రి ఎనిమిదిదాకా కుర్చీ, ఫోను, టీ. నలభై మూడో ఏట, తొంభై ఒక్క కిలోల బరువుతో ట్రయాథ్లాన్ చేస్తానంటే మా ఆవిడ "ముందు లిఫ్టెక్కకుండా మూడో అంతస్తుకి రండి, తర్వాత చూద్దాం" అంది. ఏడాదిలో స్ప్రింట్ ట్రయాథ్లాన్ పూర్తిచేశాను. ఎలా చేశావని అడగడానికి బేరింగుల కోసం వచ్చినవాళ్లు కూడా కౌంటర్ దగ్గర నిలబడిపోతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా.

ట్రయాథ్లాన్ అంటే ఈత, సైకిల్, పరుగు. ఆ వరసలోనే, మధ్యలో గడియారం ఆగకుండా. ఐరన్‌మ్యాన్ అనే మాట విని చాలామంది జడుసుకుంటారు. అది 3.8 కిలోమీటర్ల ఈత, 180 సైకిల్, 42.2 పరుగు. దాని జోలికి ఇప్పుడు పోవద్దు. 2000లో సిడ్నీతో ఒలింపిక్స్‌లోకి వచ్చిన దూరం 1.5, 40, 10. అందులో సగం స్ప్రింట్: 750 మీటర్లు, 20 కిలోమీటర్లు, 5 కిలోమీటర్లు. మనం మాట్లాడుకునేది దీని గురించే.

ముందు కోచ్ సంగతి. నేను మొదట డబ్బు కట్టినచోట మూడు నెలల ఫీజు ముందే తీసుకుని, ప్రింటు తీసిన చార్టొకటి చేతిలో పెట్టారు. పక్కన ఇరవై రెండేళ్ల కుర్రాడి చేతిలోనూ అదే చార్టు. పదిరోజుల్లో మానేశా. తర్వాత స్విమ్మింగ్ పూల్ దగ్గర దొరికారు మా మాస్టారు, రైల్వేలో చేసి రిటైరైన మనిషి. మొదటిరోజు నన్ను నీళ్లలోకే దింపలేదు. గట్టుమీద కూర్చోబెట్టి రాత్రి ఎన్నింటికి పడుకుంటావు, బీపీ, షుగర్ ఎప్పుడు చూపించుకున్నావు, పొద్దున నీకు నిజంగా ఎంత టైముంది, ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బుందా అని అడిగారు. మా నాన్నకి స్టెంటు వేశారని చెప్పగానే "ఈసీజీ, ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకుని, డాక్టరు సరే అన్నాక రావయ్యా. అప్పటిదాకా గట్టుమీదే" అన్నారు. మీరు కోచ్‌ని ఎంచుకునేటప్పుడు ఆయన మిమ్మల్ని ఎన్ని ప్రశ్నలడిగాడో లెక్కపెట్టుకోండి. గోడమీద పతకాలు తర్వాత చూడొచ్చు.

ఈతలో అసలు చిక్కు ఈత వచ్చనుకునేవాళ్లకే. చిన్నప్పుడు రైవస్ కాలవలో తల పైకెత్తి, చేతులు టపటపా కొట్టి ఈదినవాణ్ణి నేను. ఆ ఈతతో పూల్‌లో ఇరవై ఐదు మీటర్లు పోయేసరికి కళ్లు బైర్లు కమ్మాయి. తల లేస్తే నడుము, కాళ్లు కిందికి దిగుతాయి. అప్పుడు మనం నీళ్లను ఏటవాలుగా తోసుకుంటూ పోవాల్సిందే.

మాస్టారు నాతో చేయించింది మీరూ చేయండి. నాలుగడుగుల లోతులో కమ్మీ పట్టుకుని నిలబడండి. నోరు మూసి, ముఖం నీళ్లలో పెట్టి, ముక్కుతో "మ్‌మ్‌మ్" అని రాగం తీయండి. బుడగలు ఆగకుండా రావాలి. ఊపిరంతా లోపలే వదిలేశాక తల పక్కకి తిప్పి నోటితో పీల్చండి. అప్పుడు ఒక కన్ను నీళ్లలోనే ఉండాలి. మనలో చాలామంది లోపల ఊపిరి బిగపట్టి, తల తిప్పాక వదలడం, పీల్చడం రెండూ చేయబోతారు. అంత టైము ఉండదు, నాలుగు చేతులు వేసేసరికి ఉక్కిరిబిక్కిరి. నేను పన్నెండు రోజులు కమ్మీ వదల్లేదు. పక్క లైన్లో ఏడేళ్ల పాప నన్ను కాసేపు చూసి "అంకుల్, మీరు పాట మధ్యలో ఆపేస్తున్నారు" అంది. నిజమే, అదే నా తప్పు.

బుడగలు కుదిరాక, తేలుతూ కిందున్న టైల్స్ చూడండి. ఆ తర్వాత ఇరవై ఐదు మీటర్లు పోయి, ఊపిరి సర్దుకునేదాకా ఆగి, మళ్లీ ఇరవై ఐదు. అలా ఎనిమిదిసార్లు. యాభైలు, వందలు ఆ తర్వాత. ఇరవై ఐదు మీటర్ల పూల్‌లో ముప్ఫై పొడవులు అయితే 750. నాకు నాలుగున్నర నెలలు పట్టింది. పక్కనే కృష్ణ ఉంది కదా, అందులో దిగితే సరిపోదా అని అడుగుతారు. వద్దు. బ్యారేజీ గేట్లున్నచోట నీటి లాగుడు పైకి కనపడదు. నది, చెరువు లాంటి బయటి నీళ్లలో ఈదడం పడవ, ఈతగాళ్లు తోడున్నప్పుడే, అదీ మాస్టారు ఊ అన్నాకే.

సైకిల్ గురించి ఎక్కువ చెప్పను. లక్షలు పెట్టకండి, గేర్ల సైకిల్ ఏదైనా చాలు. సీటు మీద కూర్చుని మడమ పెడల్ మీద పెడితే, పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు కాలు తిన్నగా సాగాలి. సీటు ఎత్తుకు మొదటి కొలత అది. మిగతాది నా వ్యాపారంలో ఉన్నదే. లోడు లారీని పెద్ద గేర్లో ఈడిస్తే క్లచ్ ప్లేటు కాలుతుంది. మనకు కాలేవి మోకాళ్లు. తేలిక గేర్లో నిమిషానికి 80 నుంచి 90 చుట్లు తొక్కడం అలవాటు చేసుకోండి. ఆదివారాలు తెల్లారకముందే బ్యారేజీ దాటి అమరావతి సీడ్ యాక్సెస్ రోడ్డెక్కేవాళ్లం. కరకట్ట మీద చల్లగా ఉంటుంది కానీ ఇరుకు. ఎదురుగా కారొస్తే సైకిల్ దిగాల్సిందే. వెనక ఎర్రలైటు, తలకి హెల్మెట్ లేనివాణ్ణి మాస్టారు ఇంటికి పంపేస్తారు, నన్నూ ఒకసారి పంపారు.

పరుగులో నేను చేసిన వెధవ పని చెప్పాలి. మాస్టారు ఇచ్చింది ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. అలా అరగంట. పక్కవాడితో మాట్లాడగలిగేంత వేగం, అంతే. రెండు వారాలకే నాకది నామోషీగా అనిపించింది. ఆయనకి తెలియకుండా సాయంత్రాలు స్టేడియంలో ఏకబిగిన పరిగెత్తా. మోకాలి కింద ముందు ఎముక నొప్పి మొదలైంది. ఆయన అడిగితే "బాగానే ఉంది మాస్టారూ" అన్నా. ఇంకో వారానికి షట్టర్ ఎత్తడానికి వంగితే కాలు ఆనలేదు. డాక్టరు మూడు వారాలు పరుగు మానమన్నాడు.

మాస్టారు తిట్టలేదు. "మీ కొట్లో గుమస్తా స్టాకు లెక్క దాస్తే ఎవరికయ్యా నష్టం?" అని అడిగి, నా చేత ఒక పద్దు పుస్తకం కొనిపించారు. గవర్నరుపేటలో కొన్న ఎర్రట్ట పుస్తకం. రోజుకో వరస, ఐదు గడులు: ఎన్ని గంటలు పడుకున్నా, లేవగానే నాడి ఎంత, ఏం చేశా, నొప్పి పదికి ఎంత, సాధన మీద మనసుందా లేదా. ఆదివారం ఆయన చూసి వచ్చే వారం రాసేవారు. నిద్ర ఐదు గంటల్లోపు ఉన్నా, నాడి మామూలుకన్నా ఏడెనిమిది ఎక్కువున్నా ఆ రోజు సాధనలో సగం కొట్టేసేవారు. మా పెద్దాడి పరీక్షల వారం అంతా కొట్టేసి పక్కన "పిల్లాడి దగ్గర కూర్చో" అని రాశారు. పరుగు లేని ఆ మూడు వారాలూ ఆ టైమంతా పూల్‌కి మళ్లించారు. నా 750 పూర్తయింది అప్పుడే. మీ కోచ్ మంచివాడైతే ఎక్కువ చేయించేదానికన్నా ఎక్కువ ఆపుతాడు. ఆపాలంటే ఆయనకి నిజం తెలియాలి, అది చెప్పాల్సింది మీరు.

వారం లెక్క: రెండు ఈతలు, రెండు సైకిళ్లు, రెండు పరుగులు, ఒకరోజు పూర్తి సెలవు. మూడో నెల దాటాక సైకిల్ దిగగానే పది నిమిషాలు పరిగెత్తండి. మొదటిసారి కాళ్లు మనవి కావనిపిస్తుంది. నాలుగైదుసార్లకి అలవాటవుతుంది.

ఈత నుంచి సైకిల్‌కి, సైకిల్ నుంచి పరుగుకి మారడం కూడా సాధన చేయాలి, దీన్ని ఎవరూ లెక్కచేయరు. అపార్ట్‌మెంటు సెల్లార్లో తువ్వాలు పరిచి, దానిమీద హెల్మెట్, బూట్లు, సాక్స్ పెట్టి, తల మీద బకెట్ నీళ్లు పోసుకుని పరిగెత్తుకొచ్చేవాణ్ణి. మా ఆవిడ ఫోన్లో టైము చూసేది, వాచ్‌మన్ నవ్వేవాడు. మొదటిసారి నాలుగు నిమిషాల పది సెకన్లు, అందులో సగం తడికాలికి సాక్స్ ఎక్కించడానికే. సాక్స్‌లో పౌడర్ చల్లి, బూట్లకి సాగే లేసులు వేశాక రెండు నిమిషాల్లోపుకి వచ్చింది. నియమం మరవద్దు: హెల్మెట్ పెట్టుకుని బకిల్ బిగించాకే సైకిల్ ముట్టుకోవాలి. తిరిగొచ్చాక సైకిల్ స్టాండులో పెట్టాకే విప్పాలి.

బెజవాడ ఎండ వేరే కోచ్. మార్చి నుంచి పొద్దున ఆరున్నరకల్లా సాధన ముగించండి. సాధనకి ముందూ, తర్వాతా బరువు చూసుకోండి, కిలో తగ్గితే దాదాపు లీటరు చెమట పోయినట్టు. వట్టి నీళ్లే గటగటా తాగితే ఒంట్లో ఉప్పు పలచబడుతుంది. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద లీటరుకని ఉంటే లీటరులోనే కలపండి, సగం నీళ్లలో చిక్కగా కలపకండి. తల తిరిగినా, చెమట ఆగినా అక్కడే నీడపట్టున ఆగిపోండి.

పందెం వారంలో కొత్త బూటు, కొత్త తిండి, కొత్త కళ్లజోడు ఏదీ వద్దు. నేను ముందురోజు పప్పన్నం, పొద్దున మూడు ఇడ్లీలు, ఒక అరటిపండు తిన్నా. ఆవకాయ ఇంట్లోనే వదిలేశా, అది అన్నిటికన్నా కష్టం. నీళ్లలో గుంపు వెనకాల, ఒక పక్కగా మొదలుపెట్టండి. ఏ రకం ఈతైనా ఈదొచ్చు. అలసిపోతే బోయానో (దారి చూపడానికి నీళ్లలో తేలేలా కట్టిన గుర్తు), ఆగి ఉన్న పడవనో పట్టుకుని సేదదీరొచ్చు, దాంతో ముందుకు జరగకూడదంతే. నాకు సగం దూరంలో గుండె దడదడలాడింది. పడవ అంచు పట్టుకుని, ముఖం నీళ్లలో పెట్టి "మ్‌మ్‌మ్" అనడం మొదలెట్టా. పడవలో కుర్రాడు వంగి చూసి "సార్, పాట పాడుతున్నారా?" అన్నాడు. నవ్వొచ్చి నీళ్లు మింగా. దడ తగ్గింది, కదిలా.

చివరినుంచి మూడోవాణ్ణి. ఆ రాత్రి ఎర్రట్ట పుస్తకంలో నొప్పి గడిలో "0" అని రాశా. ఆదివారం మాస్టారు దాని చుట్టూ సున్నా చుట్టి, పక్కన "అబద్ధం, రెండు రోజులు సెలవు" అని రాసిచ్చారు.