కొండ ఊళ్లలో సంఘం వైద్య శిబిరం ఎలా నడపాలి?

దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు క్రైస్తవ సంఘాలు చలికాలం రాగానే కొండ గ్రామాలకు వైద్య శిబిరాలతో బయలుదేరుతాయి. కోస్తా నుంచి, హైదరాబాదు నుంచి, అప్పుడప్పుడు విదేశాల నుంచి కూడా బృందాలు వచ్చి కలుస్తాయి. రెండు మూడు రోజులు పగలు వైద్యం, సాయంత్రం ఆరాధన, ఆ తర్వాత తిరుగు ప్రయాణం. ఇలాంటి యాత్రలు నడిపేవారికి ఒక మాట మొదటే చెప్పాలి. శిబిరం చెడేది డాక్టరు కుర్చీ దగ్గర కాదు, మందుల బల్ల దగ్గర. డాక్టరు ఓపికగా చూసి సరైన మందే రాస్తాడు. పది అడుగుల దూరంలో ఉన్న బల్ల దగ్గర ఎవరో కుర్రవాడు సీసా చేతిలో పెట్టి, తెలుగులో రెండు ముక్కలు చెప్పి, తర్వాతివారిని పిలుస్తాడు. ఆ తల్లికి వచ్చినది సవర భాష ఒక్కటే. మిగతా ఏర్పాట్లు ఎవరైనా చేయగలరు కాబట్టి వాటిని త్వరగా చెప్పి, ఆ బల్ల దగ్గరే ఎక్కువసేపు ఉంటాను.

వెళ్లే ముందు

ఊరిని మీరు ఎంచుకోకండి. ఆ బ్లాకు కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌లోని మెడికల్ ఆఫీసర్‌ను కలిసి, ఎక్కడ అవసరం ఉందో అడిగి, రాతపూర్వకంగా తెలియజేసి రండి. సర్పంచ్‌కు, ఊరి పెద్దకు (సవర ఊళ్లలో గమాంగ్ అంటారు), ఆశా కార్యకర్తకు వారం ముందే చెప్పాలి. సంత రోజున వెళ్లకండి, ఊరిలో ఎవరూ ఉండరు. వరి కోతల్లోనూ అంతే. వానాకాలంలో ఘాట్ రోడ్డు మీదికి మందుల పెట్టెలతో జీపు ఎక్కించకండి.

డాక్టరుకు మన దేశంలో రిజిస్ట్రేషన్ ఉండాలి. విదేశీ డాక్టరు ఎంత పేరున్నవాడైనా జాతీయ వైద్య కమిషన్ నుంచి అనుమతి తెచ్చుకోకుండా రోగిని చూడకూడదు, మందు రాయకూడదు. పర్యాటక వీసాతో వచ్చినవారు మత ప్రచారం చేయడం నిబంధనలకు విరుద్ధం. అతిథిని నొప్పించడం ఎందుకని ఈ రెండు సంగతులూ దాచిపెట్టే సంఘాలున్నాయి. తర్వాత పోలీసు స్టేషన్ చుట్టూ తిరగవలసి వచ్చేది అతిథి కాదు, ఆ ఊరి విశ్వాసులు.

సామాను గురించి పెద్దగా చెప్పేది లేదు. బీపీ యంత్రం, గ్లూకోమీటరు, థర్మామీటర్లు, పిల్లల బరువు చూసే త్రాసు, గ్లవ్స్, సబ్బు, రెండు టార్పాలిన్లు, తాగునీటి డబ్బాలు, మందులకు కాగితపు కవర్లు. పిల్లల త్రాసు మరచిపోతే శిబిరం పెట్టకండి. బరువు తెలియకుండా పిల్లలకు మందు మోతాదు ఎవరూ చెప్పలేరు.

మందులు పదిహేను రకాలు దాటకూడదు. కంపెనీలు డాక్టర్లకు ఇచ్చే శాంపిళ్లు తీసుకెళ్లవద్దు. వాటిలో నాలుగు ఒక రకం, ఆరు ఇంకో రకం ఉంటాయి, ఏ రోగికీ పూర్తి కోర్సు రాదు. టానిక్కులు, బలం బిళ్లలు సంచుల కొద్దీ పంచే శిబిరాలకు జనం బాగా వస్తారు, నిజమే. నా శిబిరంలో వాటికి చోటు లేదు. సెలైన్ ఎక్కించమని, సూది వేయమని ఊరివారు అడుగుతారు. అవసరం లేని సూది వేయకండి. ఒక డాక్టరుకు రోజుకు 60 మంది చాలు. అయిదు వందల మందిని చూశామని ఫొటోలు పెట్టే బృందాలు మనిషికి ఎన్ని నిమిషాలు ఇచ్చాయో లెక్క వేసుకుంటే తెలుస్తుంది.

జ్వరంతో వచ్చిన ప్రతివారికీ డాక్టరు కంటే ముందు మలేరియా పరీక్ష జరగాలి. ఒడిశా ప్రభుత్వం 2017 నుంచి దమన్ కార్యక్రమం పేరుతో మారుమూల ఊళ్లలో ఈ పరీక్షలు చేయిస్తోంది. ఆశా కార్యకర్తకు ఈ పని మీకంటే బాగా తెలుసు. ఆమెను పక్కన కూర్చోబెట్టుకోండి. పాజిటివ్ వస్తే మందు ఆరోగ్య కేంద్రం ద్వారానే అందాలి. మలేరియాకు ఇచ్చే ప్రైమాక్విన్, జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవారిలో ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది. ఆ లోపం గిరిజన ప్రాంతాల్లో అరుదు కాదు. మీ పెట్టెలో ఉన్నదాన్ని ఇచ్చి వెళ్లిపోయే వ్యవహారం కాదిది.

మందుల బల్ల

ఇక్కడ నెమ్మదించండి.

ఈ బల్ల దగ్గర మీ బృందంలో అందరికంటే ఓపిక ఉన్న మనిషి కూర్చోవాలి. ఫార్మసిస్టు గాని, అనుభవం ఉన్న నర్సు గాని. యువజన సంఘం పిల్లలకు పేర్లు రాసే పని, వరుసలు సరిచేసే పని ఇవ్వండి. బల్లకు ఒకే కుర్చీ ఎదురుగా వేయండి, రోగి కూర్చుని వినాలి. నిలబడినవారు వెనుక వరుస చూసి తొందరపడతారు.

ఆ పక్కన దుభాషి. ఆ ఊరికి దగ్గరలో పుట్టిన మనిషే కావాలి, వీలైతే స్త్రీ. పిల్లలకు మందులు తీసుకునేది తల్లులే, తమ ఒంటి సంగతులు వారు మగవారికి చెప్పరు. కోందుల భాషలైన కువి, కూయి మాటలు మన చెవికి తెలిసినట్టే అనిపించి, మనవాళ్లు ఊహించి సమాధానాలు చెప్పేస్తుంటారు. ఆ ఊహలు మానండి. దుభాషికి రోజు కూలి ఇవ్వండి. సేవే కదా అని ఊరికే కూర్చోబెడితే మధ్యాహ్నం తర్వాత ఆ మనిషి ఉండరు. పాస్టరు గారిని మాత్రం దుభాషిగా పెట్టకండి. ఆయన ఏం చెప్పినా ఊరివారు తల ఊపుతారు, అర్థం కాలేదని ఆయనతో అనరు. ఇంకో కారణం కూడా ఉంది, దాని దగ్గరికి వస్తాను.

కవరు మీద అక్షరాలు రాసి ఇస్తే లాభం లేదు. ఒడియాలో రాసినా ఇంట్లో చదివేవారు ఉండకపోవచ్చు. బొమ్మలు వేయండి. కొండ వెనుక నుంచి లేస్తున్న సూర్యుడు, నడినెత్తిన సూర్యుడు, చంద్రుడు. ఒక్కోదాని కింద ఎన్ని మాత్రలో అన్ని గుండ్రాలు. సగం మాత్ర అయితే సగం గుండ్రం. కవర్ల మీద ఈ మూడు బొమ్మలూ ముందే అచ్చు వేయించుకుంటే బల్ల దగ్గర గుండ్రాలు పెడితే సరిపోతుంది. ఒక కవరులో ఒకే మందు. మాత్రలను స్ట్రిప్పు నుంచి విడదీసి పోయకండి, చెమ్మ తగిలి పాడవుతాయి. స్ట్రిప్పు కత్తిరిస్తే పేరు, గడువు తేదీ ఉన్న వైపు రోగికి వెళ్లాలి. రేపు ఆ పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడి డాక్టరు మొదట అడిగేది అదే.

సిరప్పుల దగ్గరే ఎక్కువ ప్రమాదం. పారాసెటమాల్ సిరప్పు 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములది ఒకటి, 250 మిల్లీగ్రాములది ఒకటి దొరుకుతాయి. రెండూ ఒకే పెట్టెలో పెట్టుకుని వెళ్తే, సాయంత్రానికి అలసిన చేయి ఏదో ఒక పసిపిల్లకు రెట్టింపు మోతాదు ఇస్తుంది. ఒకే రకం కొనండి. ఓఆర్ఎస్ కూడా అంతే. లీటరు నీళ్లకు కలిపే ప్యాకెట్టు ఉంది, 200 మిల్లీలీటర్లకు కలిపే చిన్నదీ ఉంది. లీటరుదే తీసుకెళ్లండి, ప్రతి తల్లికీ ఖాళీ లీటరు నీళ్ల సీసా కూడా చేతికివ్వండి. చిన్న గ్లాసు నీళ్లలో ప్యాకెట్టు మొత్తం కలిపి తాగిస్తే అతిగా చిక్కనైన ఆ ఉప్పు నీళ్లు బిడ్డకు హాని చేస్తాయి. కలిపినది 24 గంటలు దాటితే పారబోయాలి.

సిరప్పు ఎంత పోయాలో మాటలతో చెప్పకండి. సీసా మూత మీద ఆ బిడ్డకు కావలసిన గీత దగ్గర ఎర్ర గోళ్ల రంగుతో ఒక చుట్టు గీయండి. మార్కర్ గీత రెండు కడుగుళ్లకు పోతుంది, గోళ్ల రంగు నిలుస్తుంది. అది ఆరేలోపు ఇంకో మూతలో నీళ్లు పోయించండి, మీరు కాదు, తల్లి చేతే. చాలామంది మూతను ఒడిలో వంకరగా పట్టుకుని పోస్తారు, గీత దాటిపోతుంది. మూతను బల్ల మీద పెట్టి, కన్ను దాని ఎత్తుకు దించి పోయడం చూపండి. రెండోసారి ఆమె చేసేటప్పుడు మీరు చేయి పెట్టకండి. సరిగ్గా వచ్చాకే అసలు సీసా ఇవ్వండి.

పొడి మందు సీసాలు, అంటే నీళ్లు కలపవలసిన యాంటీబయోటిక్కులు, ఇంటికి పొడిగా పంపకూడదు. బల్ల దగ్గరే కలపండి. మొదట సీసాను అరచేతిలో తట్టి అడుగున గట్టిపడిన పొడిని వదులు చేయాలి. కాచి చల్లార్చిన నీళ్లు గీతకు కొంత కిందవరకు పోసి, బాగా గిలకొట్టి, నురగ దిగేదాకా ఆగాలి. పొడి తడిసి దిగాక మట్టం తగ్గుతుంది, అప్పుడు మళ్లీ గీత వరకు నింపాలి. నురగను చూసి నిండిందనుకున్న సీసాలో మందు చిక్కగా ఉండిపోతుంది. ప్రతిసారీ గిలకొట్టాలని, వారం తర్వాత మిగిలితే పారేయాలని దుభాషి చెప్పాలి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. "అర్థమైందా?" అని అడగకండి. ఆ ప్రశ్నకు కొండ మీదైనా, పర్లాకిమిడి బజారులోనైనా అందరూ అవుననే అంటారు. "ఇంటికి వెళ్లాక అత్తగారికి ఏమని చెబుతావమ్మా?" అని అడిగించండి. ఆమె తన మాటల్లో మొదటి నుంచి చెప్పాలి. తప్పు చెబితే మళ్లీ మొదటి నుంచి. వెనుక వరుస గొణుగుతుంది, గొణగనివ్వండి. దీనికి మనిషికి అయిదు నిమిషాలు పడుతుంది. 60 మంది చాలన్నది అందుకే.

అడగవలసినవి ఇంకా ఉన్నాయి. కడుపుతో ఉన్నారా? ఈ రోజు ఏమైనా తిన్నారా? నొప్పి మాత్రలు ఖాళీ కడుపున పడకూడదు, రాగి అంబలి తాగాక వేసుకోమనండి. మెట్రోనిడజోల్ అనే యాంటీబయోటిక్ ఇస్తుంటే, కోర్సు అయ్యేదాకా, ఆ తర్వాత మూడు రోజులు కూడా ఇప్పసారా, జీలుగు కల్లు ముట్టవద్దని చెప్పాలి. తాగితే వాంతులు, గుండెదడ రావచ్చు. అప్పుడు మందునే వదిలేస్తారు. ఇక్కడ తాగుడు మీద ఉపదేశం చేయకండి. ఉపదేశం వింటే మనిషి తాగనని చెబుతాడు, మీకు నిజం తెలియదు.

విరేచనాలకు ఇచ్చే జింకు మాత్రలు 14 రోజులు వేయాలి. మూడో రోజుకు విరేచనాలు ఆగిపోతాయి, తల్లి మందు ఆపేస్తుంది. ఆగినా వేయాలన్న సంగతి ఆమె నోటితో చెప్పించండి. గజ్జికి పెర్మెత్రిన్ పూత ఒక్క బిడ్డకే ఇస్తే వృథా. ఇంట్లో ఎంతమంది ఉన్నారో అడిగి అందరికీ సరిపడా ఇవ్వాలి. ఒకే రాత్రి అందరూ మెడ నుంచి అరికాలి దాకా రాసుకుని ఉదయం కడుక్కోవాలి, వారం తర్వాత ఇంకోసారి. అంత మందు మీ దగ్గర లేకపోతే గజ్జి వైద్యం ఈసారికి మొదలుపెట్టకండి.

బీపీ, చక్కెర మందులు ఈ బల్ల మీద ఉండకూడదన్నది నా నియమం. పది రోజుల మాత్రలు ఇచ్చి పదకొండో రోజు ఆ మనిషిని ఎవరికి వదిలేస్తారు? ఎక్కువ ఉన్నవారికి చీటీ రాసి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి పంపండి, అక్కడ నెలనెలా ఇస్తారు. ప్రమాదకరంగా ఉంటే చీటీతో సరిపెట్టకుండా మీ జీపులోనే తీసుకెళ్లండి.

ప్రార్థన ఎక్కడ, ఎప్పుడు

మందుల బల్ల మీద బైబిలు, కరపత్రాలు ఉంచకూడదు. పాస్టరు గారిని అక్కడ కూర్చోబెట్టవద్దన్న రెండో కారణం ఇదే. మందు, సువార్త ఒకే నోట వస్తే, ఒకటి పుచ్చుకున్నందుకు రెండోది వినాలేమోనని పేదవాడు అనుకుంటాడు. అలా విన్నవాడి విశ్వాసం అతనిది కాదు.

చట్టం సంగతీ ఉంది. బలవంతం, ప్రలోభం, మోసంతో మతం మార్చడాన్ని నిషేధిస్తూ ఒడిశా 1967లోనే చట్టం చేసింది. 1977లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. స్త్రీలు, మైనర్లు, దళితులు, గిరిజనుల విషయంలో శిక్ష ఎక్కువ. ఉచిత మందును ప్రలోభం అనడానికి ఎవరికైనా ఎంతోసేపు పట్టదు. పొరుగునే ఉన్న కంధమాల్‌లో 2008లో క్రైస్తవులపై జరిగిన హింసను ఈ కొండల్లో ఎవరూ మరచిపోలేదు. మీరు మూడో రోజు వెళ్లిపోతారు, ఇక్కడి విశ్వాసులు పొరుగువారితో ఏడాది పొడుగునా బతకాలి.

కాబట్టి శిబిరం చెట్టు కిందో బడిలోనో పెట్టండి, చర్చిలో వద్దు. పెట్టెలన్నీ సర్దేసి జీపులోకి ఎక్కించాక, సాయంత్రం చర్చిలో ఆరాధన పెట్టుకోండి. వచ్చేవారు వస్తారు. రోగి తనంతట తాను ప్రార్థన చేయమని అడిగితే, మందులన్నీ తీసుకున్నాక, బల్లకు దూరంగా వెళ్లి చేయండి. ప్రార్థన చేశాం కాబట్టి మందు ఆపవచ్చని ఎవరూ అనుకోకుండా చూడటం ప్రార్థించినవారి బాధ్యత.

ఊరు వదిలే ముందు

సూదులు, రక్తం అంటిన దూది, గ్లవ్స్ ఊరిలో కాల్చకండి, పూడ్చకండి. 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనలు వైద్య శిబిరాలకూ వర్తిస్తాయి. దూది పసుపు సంచిలో, గ్లవ్స్ ఎర్ర సంచిలో కట్టి, సూదులు గట్టి డబ్బాలో వేసి, ముందే మాట్లాడుకున్న ఆసుపత్రికి చేర్చండి. మిగిలిన మందులు ఊరి పెద్ద ఇంట్లో గాని, పాస్టరు గారి దగ్గర గాని పెట్టి రావద్దు. మిగిలినవి మిగిలినట్టే వెనక్కి తేవాలి.

రెండు వారాలకు పైగా దగ్గుతున్నవారు, స్పర్శ లేని మచ్చలున్నవారు, పెద్ద ఆసుపత్రికి వెళ్లమన్నవారు, వీరి పేర్లు విడిగా రాసి ఒక ప్రతి ఆశా కార్యకర్తకు, ఒకటి మెడికల్ ఆఫీసర్‌కు ఇవ్వండి. రాయగడ జిల్లాలో అయితే బిస్సం కటక్‌లో 1954 నుంచి నడుస్తున్న క్రిస్టియన్ ఆసుపత్రి ఉంది. అక్కడికి పంపేవారికి బస్సు ఛార్జీ, తోడు మనిషి కూడా మీరే చూడాలి. ఆయుష్మాన్ కార్డు ఉందో లేదో చీటీ మీదే రాయండి.

రెండు వారాల తర్వాత మీ సంఘం నుంచి ఇద్దరు మళ్లీ ఆ ఊరికి వెళ్లాలి. ఆ ఛార్జీలు మొదటి బడ్జెట్టులోనే పక్కన పెట్టండి. జాబితా చేతపట్టుకుని, ఆశా కార్యకర్తతో ఇంటింటికీ తిరిగి, కవర్లు చూపమని అడగండి. జింకు మాత్రలు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి, మూత మీది ఎర్ర గీత ఉందో లేదో చూడండి, ఆసుపత్రికి వెళ్లనివారిని ఆ జీపులోనే ఎక్కించుకుని రండి.