రెక్టమ్ క్యాన్సర్ ఆపరేషన్: డాక్టర్ని ఏం అడగాలి, రిపోర్టులో ఏం వెతకాలి

పినాకినీ ఎక్కి నెల్లూరు నుంచి చెన్నై సెంట్రల్‌లో దిగే మా చుట్టాల్లో ఎవరో ఒకరి చేతిలో స్కాన్ కవర్ ఉంటుంది, దిగగానే ఫోన్ నాకే. మామయ్య రెక్టమ్ (పెద్దపేగు చివరి భాగం) క్యాన్సర్ ఆపరేషన్ దగ్గరుండి చూసుకున్నానని. అందరికీ చెప్పేదే ఇక్కడ రాస్తున్నా.

ముందు పెల్విస్ (తుంటి ఎముకల మధ్య భాగం) ఎమ్మారై తీశారా చూడండి. లివర్‌కో ఊపిరితిత్తులకో పాకిందా అన్నది సీటీలో తెలుస్తుంది, గడ్డ, కోయబోయే అంచుకి ఎంత దగ్గరగా ఉందన్నది మాత్రం ఎమ్మారైలోనే బాగా కనిపిస్తుంది. మరీ దగ్గరగా ఉంటే సాధారణంగా ముందు రేడియేషన్, కీమో ఇచ్చి ఆ తర్వాతే కోస్తారు. "ముందు తీసేయండి సార్, టెన్షన్ పోతుంది" అని మా మామయ్యలా తొందరపెట్టకండి.

ఇక అసలు సంగతి. రెక్టమ్ చుట్టూ మెసోరెక్టమ్ అనే కొవ్వు ఉంటుంది, లింఫ్ గ్రంథులు అందులోనే. బత్తాయి తొనని పైపొర చిరగకుండా తీస్తాం చూడండి, అలా ఆ కొవ్వుని దాని పొరతో సహా తీయాలి. ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్‌లో బిల్ హీల్డ్ అనే సర్జన్ 1982లో చెప్పింది ఇదే, టీఎంఈ (టోటల్ మెసోరెక్టల్ ఎక్సిజన్) అంటారు. అంతకుముందు ఆ కొవ్వు కొంత లోపలే మిగిలిపోయేది, నూటికి 20, 30 మందికి అక్కడే తిరగబెట్టేది. 2001లో వచ్చిన డచ్ ట్రయల్‌లో టీఎంఈ ఒక్కటే చేసినవాళ్లలో రెండేళ్లకి 8.2 శాతం, ముందు రేడియేషన్ కూడా ఇచ్చినవాళ్లలో 2.4 శాతం మందికే అలా తిరగబెట్టింది. (గడ్డ బాగా పైన ఉంటే కొవ్వంతా తీయరు, దాని కింద 5 సెంటీమీటర్ల దాకా తీస్తే చాలంటారు.) కాబట్టి అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో చూపించినా ఇంకెక్కడ చూపించినా "టీఎంఈ చేస్తారా, ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు?" అని మొహమాటపడకుండా అడగండి. రోబోనా ల్యాప్రోస్కోపీనా అన్నది నా దృష్టిలో తర్వాతి మాట.

ఆపరేషన్ అయ్యాక "మొత్తం తీసేశాం" అన్నారని ఊరికే ఇంటికొచ్చేయకండి, కోసి తీసిన భాగం బయాప్సీ రిపోర్టు అడిగి తీసుకోండి. సీఆర్ఎమ్ అని ఉంటుంది, అంటే గడ్డకీ కోసిన పక్క అంచుకీ మధ్య దూరం. అది 1 మిల్లీమీటరు గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే తిరగబెట్టే భయం ఎక్కువ. మెసోరెక్టమ్ పక్కన 'కంప్లీట్' అని ఉంటే మంచిది, 'ఇన్‌కంప్లీట్' అంటే పొర చిరిగినట్టు. చూసిన నోడ్స్ (లింఫ్ గ్రంథులు) కనీసం 12 ఉండాలి, ముందు రేడియేషన్ ఇచ్చి ఉంటే తగ్గొచ్చు. మా రిపోర్టులో సీఆర్ఎమ్ దగ్గర ఖాళీ! ల్యాబ్ కౌంటర్ దగ్గర నిలబడి అడిగితే రెండు రోజులకి 4 మిల్లీమీటర్లు అని చేర్చి మళ్లీ ప్రింట్ ఇచ్చారు.

తర్వాత, తిరగబెడుతోందేమో కనిపెట్టడానికి సీఈఏ అనే రక్తపరీక్ష, మొదటి రెండేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి, ఆపైన అయిదేళ్ల దాకా ఆరు నెలలకోసారి. ఆపరేషన్ అయిన ఏడాదికి కొలొనోస్కోపీ, మధ్యలో డాక్టర్ చెప్పినప్పుడల్లా సీటీ. కూర్చుంటే కొత్తగా నొప్పి, కాల్లోకి లాగడం, రక్తం పడటం లాంటివి ఉంటే డేట్ వచ్చేదాకా ఆగొద్దు. సీఈఏ మాత్రం ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించండి, ఒకసారి నెల్లూరులో, ఒకసారి చెన్నైలో అయితే ఆ అంకెలు పోల్చి చూడటం కష్టం.