షీట్ రోల్‌లో ఎర్ర సిరా: అర్జీ రాసే ముందు

ప్రమోషన్ బోర్డు దగ్గరపడినప్పుడో, పెన్షన్‌కు కావలసిన 15 ఏళ్లు నిండడానికి ఇంకో ఏడాది ఉందనగానో జవానుకు తన రికార్డు గుర్తుకొస్తుంది. అప్పటిదాకా షీట్ రోల్‌లో (సర్వీసు వివరాలూ శిక్షలూ నమోదయ్యే పత్రంలో) ఏముందో చూసుకునేవాళ్లు తక్కువ. చూసుకునేసరికి ఎప్పుడో సెలవు మీరిన నాలుగు రోజులకు పడిన శిక్ష ఎర్ర సిరాలో కనిపిస్తుంది. లేదా ఏసీఆర్‌లో (పనితీరు మీద ఏటా రాసే రహస్య నివేదికలో) అధికారి ప్రతికూలంగా రాసిన ఒక వాక్యం సంగతి తెలుస్తుంది. ఆ రాత్రే అర్జీ రాయడానికి కూర్చుంటారు. సైన్యంలో క్లర్కుగా ఏళ్ల తరబడి అలాంటి అర్జీలు టైపు చేసినవాణ్ణి నేను. రికార్డులో ఉన్న చెడ్డ కాగితం చేసిన నష్టం కన్నా, దాన్ని తీయించాలని కోపంలో రాసిన కాగితం చేసిన నష్టమే నా కళ్లకు ఎక్కువగా కనిపించింది.

ముందుగా ఆ కాగితం ఏ జాతిదో తేల్చుకోండి. ఆర్మీ చట్టం (1950) సెక్షన్ 80 కింద యూనిట్ అధిపతి అయిన కమాండింగ్ ఆఫీసర్ (సీవో) వేసిన శిక్షా? సమ్మరీ కోర్ట్ మార్షల్ (యూనిట్ స్థాయి సైనిక న్యాయస్థానం) తీర్పా? ఏసీఆర్‌లోని వ్యాఖ్యా? కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీలో (ఏం జరిగిందో తేల్చే సైనిక విచారణలో) మీ మీద వచ్చిన అభిప్రాయమా? లేక ఉత్త గుమాస్తా పొరపాటా? ఒక్కోదానికి ఒక్కో దారి ఉంది. కోర్ట్ మార్షల్ తీర్పు మీద సెక్షన్ 164 కింద పిటిషన్ పెట్టుకోవాలి. పై అధికారి వల్ల అన్యాయం జరిగిందనుకుంటే జవాన్లకూ జేసీవోలకూ (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లకూ) సెక్షన్ 26 ఉంది, ఆఫీసర్లకు సెక్షన్ 27 ఉంది. దారి తప్పిన అర్జీ నెలల తరబడి తిరిగి తిరిగి మళ్లీ మీ చేతికే వస్తుంది.

గుమాస్తా పొరపాట్లను తక్కువ అంచనా వేయకండి. ఒకతని రికార్డులో తాను చేయని తప్పుకు ఎంట్రీ పడింది. కంపెనీ కమాండర్ కక్షతో చేయించాడని నిశ్చయించుకుని ఐదు పేజీలు రాశాడు. తీరా చూస్తే అదే పేరున్న ఇంకో జవాను ఎంట్రీ అది. ఆర్మీ నంబరులో రెండు అంకెలు తారుమారయ్యాయి. హెడ్ క్లర్కు పది నిమిషాల్లో పట్టుకున్నాడు. కానీ ఐదు పేజీలు అప్పటికే పైకి వెళ్లిపోయాయి, అందులోని మాటలను వెనక్కి తెచ్చుకునే వీలు లేదు. తేదీ తప్పు, పేరు తప్పు, ఒకే శిక్ష రెండుసార్లు ఎక్కడం లాంటివి యూనిట్ ఆఫీసులో అడిగి, పార్ట్ టూ ఆర్డర్ (సర్వీసు వివరాల్లో మార్పులు నమోదు చేసే యూనిట్ ఉత్తర్వు) ద్వారా సరిచేయించుకునే పనులు. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా వెళ్లకండి.

రెండో జాగ్రత్త, కాగితం చూడకుండా అర్జీ రాయకపోవడం. ‘ఏదో రాశారట’ అన్న కబురు మీద ఒక్క వాక్యం కూడా నిలబడదు. పద్ధతి ప్రకారం ఇంటర్వ్యూ అడిగి మీ సర్వీసు పత్రాలు చూసుకోండి. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు చేస్తే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. బీఎస్ఎఫ్, సీఆర్పీఎఫ్, అస్సాం రైఫిల్స్‌లకు ఆ చట్టంలో మినహాయింపు ఉంది, ఆర్మీకి లేదు. అలాగని గోప్య పత్రాలన్నీ ఇచ్చేస్తారని ఆశ పెట్టుకోవద్దు. ఆఫీసులో తెలిసినవాడున్నాడు కదా అని ఏసీఆర్‌కు ఫోనులో ఫొటో తీయించి వాట్సాప్‌లో తెప్పించుకోవడం మాత్రం వద్దే వద్దు. మీ పాత మచ్చ పోకపోగా ఇద్దరికీ కొత్త కేసు అవుతుంది. వ్యవహారం సాయుధ దళాల ట్రిబ్యునల్ దాకా వెళితే అసలు పత్రాలను అదే తెప్పించుకుని చూడగలదు.

ఇక అసలు విషయం, ఆ కాగితంలో లోపం ఎక్కడుంది? ‘నాకు అన్యాయం జరిగింది’ అన్నది బాధ. దాన్ని ఆధారంగా మార్చాలంటే ఆ రోజు ఏం జరగాలో, ఏం జరగలేదో పక్కపక్కన పెట్టి చూడాలి. ఆర్మీ రూల్ 22 ప్రకారం ఆరోపణను కమాండింగ్ ఆఫీసర్ మీ ఎదుటే వినాలి. సాక్షులను మీరు ప్రశ్నించవచ్చు, మీ సాక్షులను పిలిపించుకోవచ్చు. కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ మీ నడవడికకో పేరుకో మచ్చ తెచ్చేదైతే, రూల్ 180 ప్రకారం విచారణ పొడుగునా మీరు అక్కడ ఉండే అవకాశం, సాక్షులను ప్రశ్నించే అవకాశం ఇవ్వాలి. సెక్షన్ 80 శిక్షలకు కొలత ఉంది: ఖైదు, నిర్బంధం లాంటివి 28 రోజులు దాటకూడదు, జరిమానా ఒక నెలలో 14 రోజుల జీతానికి మించకూడదు. ఏసీఆర్ అయితే రాసిన అధికారి కింద కావలసినన్ని రోజులు పనిచేశారా, ముందుగా ఎప్పుడైనా హెచ్చరించారా, వేసిన మార్కులకూ రాసిన మాటలకూ పొంతన ఉందా అని చూడండి. ప్రతి ఏసీఆర్ ఎంట్రీనీ ఉద్యోగికి తెలియజేయాలని 2008లో సుప్రీంకోర్టు చెప్పిన మాట వాస్తవమే. కానీ ఆ తీర్పే సైన్యాన్ని మినహాయించింది. దాన్ని పట్టుకుని వాదన మొదలుపెట్టి భంగపడినవాళ్లున్నారు.

సెలవు మీరిన కేసులను కాస్త విడిగా చెప్పాలి, ఎర్ర సిరాకు నేను ఎక్కువగా చూసిన కారణం అదే కనుక. సెక్షన్ 39లో ఉన్న మాట ‘తగిన కారణం లేకుండా’ సెలవు మీరడం. అంటే కారణాన్ని రుజువు చేసే కాగితం మీ దగ్గరుంటే నేరం పునాదే కదులుతుంది. ఆసుపత్రి డిశ్చార్జి పత్రం, రద్దయిన రైలు టికెట్టు, సెలవు పొడిగించమని యూనిట్‌కు పంపిన సందేశం, ఫోను చేసిన తేదీ, అవతల మాట్లాడినవారి పేరు దాచుకోండి. ఇవన్నీ తిరిగి వెళ్లిన రోజున సీవో ఎదుట పెట్టాల్సినవి. చాలామంది ‘తప్పయింది సాబ్’ అనేసి శిక్ష తీసుకుని బయటపడతారు. మూడేళ్ల తర్వాత అదే తప్పు కాదని రుజువు చేయాలంటే ఆ ఆసుపత్రి రిజిస్టరే దొరకదు. సెలవు అయిపోయేలోగా చేరలేమని తెలిసిన రోజే కబురు పెట్టి, పెట్టినట్టు ఆనవాలు ఉంచుకోండి.

అర్జీలో రాసే ప్రతి మాటకూ మీరే పూచీ. సెక్షన్ 56 సంగతి తెలిసినవాళ్లు బారక్‌లో పదిమందిలో ఇద్దరు కూడా ఉండరు. సెక్షన్ 26, 27 కింద చేసే ఫిర్యాదులో అబద్ధమని తెలిసీ ఎవరి ప్రవర్తననైనా కించపరిచినా, ముఖ్యమైన విషయాన్ని కావాలని దాచినా అదే ఒక నేరం. రుజువైతే ఐదేళ్ల దాకా జైలు. అధికారి తాగి ఉన్నాడనీ, డబ్బు అడిగాడనీ విన్నమాటగా రాయకండి. మీకు అంతకుముందు పడిన శిక్షలను దాచి ‘మచ్చలేని సర్వీసు’ అని రాయకండి. తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియదని రాయండి. రెండు పేజీలు దాటితే మళ్లీ చదివి కొట్టేయండి. విశేషణాలు పోతే పోనివ్వండి, తేదీలు మాత్రం ఉంచండి.

అర్జీ వెళ్లాల్సింది కంపెనీ కమాండర్‌కు. ఫిర్యాదు ఆయన మీదే అయితే ఆ పై అధికారికి. పదిమంది కలిసి సంతకాలు చేసిన అర్జీ వద్దు. అది న్యాయం అడిగినట్టుగా కాక గుంపు కట్టినట్టుగా కనిపిస్తుంది. ఫేస్‌బుక్‌లో వీడియో, విలేకరికి ఫోను అనుమతి లేకుండా పత్రికలకెక్కడాన్ని నిషేధించే ఆర్మీ రూల్ 21ను గుర్తుకుతెచ్చే పనులు. భార్య పేరుతో ఎమ్మెల్యే దగ్గర సిఫారసు ఉత్తరం తెచ్చిన సందర్భాలు నాకు తెలుసు. ఆ ఉత్తరం ఏ దారిన వెళ్లినా చివరికి వచ్చేది అదే యూనిట్‌కు, ‘వ్యాఖ్యలు పంపండి’ అన్న ముక్కతో.

నాలుగు రెడ్ ఇంక్ ఎంట్రీలు పడితే ఇంటికి పంపేస్తారన్న భయం బారక్‌లలో పాతుకుపోయింది. ఆర్మీ రూల్ 13 కింద ‘అవాంఛనీయుడు’ అని పంపే వీలున్న మాట నిజం. అయితే నాలుగు ఎంట్రీలు ఉన్నంత మాత్రాన పంపడం తప్పనిసరి కాదని 1988 డిసెంబరు 28 నాటి సైనిక ప్రధాన కార్యాలయం లేఖే చెబుతోంది. ముందు నిష్పాక్షికమైన విచారణ జరగాలి, షోకాజ్ నోటీసు ఇవ్వాలి. తప్పుల తీవ్రత, సర్వీసు కాలం, పనిచేసిన కష్టమైన ప్రాంతాలు, పెన్షన్‌కు ఎంత దూరంలో ఉన్నారన్నది చూడాలి. 2015లో సుప్రీంకోర్టు ఈ పద్ధతి పాటించని డిశ్చార్జిని నిలబడనివ్వలేదు. నోటీసు వస్తే రెండు వాక్యాల జవాబుతో సరిపెట్టకండి. సియాచిన్‌లోనో కశ్మీర్‌లోనో గడిపిన నెలలను తేదీలతో లెక్కకట్టి రాయండి.

గడువుల దగ్గర మోసపోయేవాళ్లు ఎక్కువ. సాయుధ దళాల ట్రిబ్యునల్ చట్టం (2007) ప్రకారం ముందు శాఖాపరమైన దారులు తొక్కాలి. తుది ఉత్తర్వు వస్తే ఆ తేదీ నుంచి ఆరు నెలల్లో ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. జవాబే రాకపోతే ఆరు నెలలు ఆగి, ఆ తర్వాతి ఆరు నెలల్లో వెళ్లాలి. జనవరి 10న అర్జీ ఇచ్చి జవాబు రాకపోతే జులై 10 దాకా ఎదురుచూపు, మళ్లీ జనవరి 10 లోపు దాఖలు అన్నమాట. మధ్యలో జ్ఞాపక లేఖలు ఎన్ని రాసినా గడువు పెరగదు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించవచ్చు గానీ ఆ భరోసాతో కూర్చోవద్దు. అందుకే అర్జీ ఇచ్చిన రోజే తేదీతో అందినట్టు సంతకం తీసుకోండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు చెన్నై బెంచి కిందికి వస్తాయి. రిటైరైనవారు తాము ఉంటున్న చోటును బట్టి, సర్వీసులో ఉన్నవారు పోస్టింగ్ ఉన్న చోటును బట్టి బెంచిని ఎంచుకోవచ్చు. సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ వారికి ఈ ట్రిబ్యునల్ వర్తించదు, హైకోర్టే దిక్కు.

ఎంట్రీ కొట్టేశారన్న ఉత్తర్వు వచ్చాక మిఠాయి పంచడానికి ముందు ఇంకో పని ఉంది. యూనిట్ కాగితాల్లో మారినంత మాత్రాన రికార్డ్స్ ఆఫీసులో మారినట్టు కాదు. ఫిరంగి దళం వారికి అది నాసిక్‌లో, ఈఎంఈ (వాహనాలు, యంత్రాల మరమ్మతు దళం) వారికి సికింద్రాబాద్‌లో ఉంటుంది. పార్ట్ టూ ఆర్డర్ నంబరు రాసి పెట్టుకుని, రికార్డ్స్‌లో నమోదైందో లేదో ఉత్తరం రాసి తెలుసుకోండి. నాకు తెలిసిన ఒక హవల్దార్ ఈ చివరి ఉత్తరం రాయలేదు. కొట్టేసిన ఎంట్రీ ఆరేళ్ల తర్వాత పెన్షన్ కాగితాల్లో మళ్లీ ఎర్రగా కనిపించింది.