యూరిన్ పైపు ఇంకా అవసరమా?

హనుమకొండలో ఓ ఆసుపత్రి ఐసీయూలో నర్సుగా చేస్తున్నాను. యూరిన్ పైపు పెట్టిన పేషెంట్లకు పదేపదే జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తుంటే తేడా ఎక్కడుందో వెతికాను.

స్కానింగ్‌కు తీసుకెళ్లేటప్పుడు కనిపించింది. బ్యాగును పేషెంట్ కాళ్ల మీద పెట్టి ట్రాలీ తోసేవారు. అలా పైకి లేస్తే బ్యాగులోని మూత్రం వెనక్కి, మూత్రాశయంలోకి పోతుంది. ఇప్పుడు బయల్దేరే ముందే ఖాళీ చేసి, ట్రాలీ కడ్డీకి కిందుగా తగిలిస్తున్నాం, నేలకు ఆననివ్వం. ఖాళీ చేసే జగ్గు ఎవరిది వాళ్లకే.

అసలు మార్పు రౌండ్స్‌లో వచ్చింది. పైపు ఉన్నంతకాలం మూత్రంలో బ్యాక్టీరియా చేరే అవకాశం రోజుకు 3 నుంచి 7 శాతం. అందుకే రోజూ పొద్దున నేనే అడుగుతాను: "సార్, ఈ పైపు ఇవాళ అవసరమా?" బీపీ బాగా పడిపోయి షాక్‌లో ఉండి గంటగంటకూ మూత్రం కొలవాల్సినవాళ్లకు తప్పదు. పక్క తడుస్తుందని ఉంచడానికి మాత్రం నేను ఒప్పుకోను.

పరకాల నుంచి వచ్చిన ఓ పెద్దాయన కొడుకు, "పైపు తీస్తే నాయినకు ఇబ్బంది కాదా సిస్టర్?" అన్నాడు. ఆయనకు మూత్రం దానంతట అదే వస్తోంది. కండోమ్ క్యాథెటర్ చూపించి, "ఇది పైనే ఉంటది అన్నా, లోపలికి పోదు" అని చెప్పాను. ఆ సాయంత్రమే మార్చాం.

ఇంకొకటి, ఏ బ్యాక్టీరియా ఉందో చూసే కల్చర్ పరీక్షకు శాంపిల్ బ్యాగులోంచి తీయకండి. పైపుకు శాంపిల్ కోసమే ఉన్న పోర్టును స్పిరిట్‌తో తుడిచి సిరంజితో తీయాలి.