మీవాళ్లను పోలీసులు తీసుకెళ్లారా? హెబియస్ కార్పస్ దాకా ఏ గంటలో ఏం చేయాలి

మఫ్టీలో ఇద్దరొచ్చి "ఏం లేదమ్మా, చిన్న ఎంక్వైరీ, గంటలో పంపించేస్తాం" అని మీ అబ్బాయినో తమ్ముణ్నో బండెక్కించుకుని పోయారనుకోండి. గంట దాటింది, రాత్రయింది, ఫోన్ స్విచాఫ్. స్టేషన్‌కి వెళ్తే మా దగ్గర లేడంటారు, లేదా సార్ బందోబస్తుకి వెళ్లారు, రేపు రండి అంటారు. రెండు రోజుల తర్వాత పేపర్లో చూస్తే, ఊరి బయట వాహన తనిఖీలు చేస్తుండగా అనుమానాస్పదంగా కనిపిస్తే ఈ ఉదయమే పట్టుకున్నామని ప్రెస్‌మీట్ వార్త. కోర్టుల చుట్టూ తిరిగేవాళ్లకి ఈ కథ కంఠతా వచ్చు.

తీసుకెళ్లిన టైముకీ అరెస్టు చూపించిన టైముకీ మధ్య ఉన్న ఆ ఖాళీలోనే దెబ్బలు, బెదిరింపులు, తెల్ల కాగితాల మీద సంతకాలు అన్నీ జరుగుతాయి. ఆ ఖాళీ ఉందని కాగితం మీద నిలబెట్టగలిగితే రాజ్యాంగం మీకు బాగా పనికొస్తుంది, నిలబెట్టలేకపోతే ఎంత పెద్ద లాయర్ని పెట్టుకున్నా సగం చేతులు కట్టేసినట్టే. అందుకే హెబియస్ కార్పస్ (బంధించిన మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని అడిగే పిటిషన్) దాకా వెళ్లే ఈ దారిలో సెక్షన్ల కంటే గడియారం గురించే ఎక్కువ చెప్తున్నా.

ముందు రాజ్యాంగం ఏమంటుందో చూద్దాం. 22వ అధికరణ చాలా చిన్నది, చదివితే రెండు నిమిషాలు పట్టదు. అరెస్టు చేస్తే ఎందుకు చేస్తున్నారో చెప్పాలి, నచ్చిన లాయర్ని కలవనివ్వాలి, 24 గంటల్లోపు దగ్గర్లోని మెజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. ప్రయాణానికి పట్టే టైము మాత్రమే మినహాయింపు, ఆదివారం, పండగ సెలవు లాంటివి చెల్లవు. దీనికి తోడు 21వ అధికరణ, చట్టం చెప్పిన పద్ధతిలో తప్ప ఎవరి ప్రాణాన్నీ స్వేచ్ఛనీ తీయకూడదంటుంది. తనకు వ్యతిరేకంగా తనే సాక్ష్యం చెప్పమని నిందితుణ్ని బలవంతపెట్టకూడదని 20వ అధికరణలో ఉంది. ఇవి ఉల్లంఘిస్తే నేరుగా సుప్రీంకోర్టుకి వెళ్లే హక్కు 32వ అధికరణ ఇస్తుంది, హైకోర్టుకి వెళ్లే దారి 226. ఈ 32ని అంబేడ్కర్ రాజ్యాంగానికి ఆత్మ, గుండె అన్నారు. మాటవరసకి అన్నది కాదది, ఎందుకంటే అమలుచేయించుకునే దారి లేకపోతే మిగతా హక్కులన్నీ గోడకి తగిలించుకునే పటాలే.

సరే, ఇప్పుడు పని. తీసుకెళ్లిన వెంటనే, ఏడుపులూ ఫోన్లూ మొదలవకముందే, ఒకరు కూర్చుని రాయాలి: ఎన్ని గంటలకి వచ్చారు, ఎంతమంది, యూనిఫాంలో ఉన్నారా, బండి నంబరెంత, ఏ స్టేషన్ అన్నారు, ఏం తీసుకెళ్లారు (ఫోన్, లాప్‌టాప్, బైక్ తాళాలు), చూసినవాళ్లెవరు. పక్కింటివాళ్లకో, ఎదురుగా ఉన్న కిరాణా కొట్టుకో సీసీ కెమెరా ఉంటే ఆ ఫుటేజీ అదే రోజు కాపీ చేసుకోండి, చాలా కెమెరాల్లో కొన్నాళ్లకి పాతది చెరిగిపోతుంది.

తర్వాత స్టేషన్‌కి వెళ్లండి, ఒంటరిగా వద్దు. అక్కడ గొడవ పెట్టుకోకండి. కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం, అంటే 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం అరెస్టు చేసినప్పుడు మెమో రాయాలి, దానిమీద కుటుంబ సభ్యుడో ఆ ప్రాంతంలోని పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి. బంధువుకో మిత్రుడికో ఎక్కడ ఉంచారో చెప్పాలి. డి.కె.బసు కేసులో సుప్రీంకోర్టు ఎప్పుడో 90లలో పెట్టిన నియమాలే ఇవి, తర్వాత చట్టంలోకి ఎక్కాయి. ప్రతి స్టేషన్‌లో, జిల్లా ప్రధాన కార్యాలయంలో అరెస్టయినవాళ్ల పేర్లు, అడ్రసులు ప్రదర్శించాలని, దానికి కనీసం ఏఎస్సై స్థాయి అధికారి బాధ్యుడని 37వ సెక్షన్ చెప్తుంది. ఆ వివరాలు అడగండి. లేవంటే లేవన్నారనే రాసుకోండి, ఎవరన్నారో కూడా.

ఎదురుగా అడిగినదానికి రుజువు ఉండదు కాబట్టి స్టేషన్ బయటికి రాగానే ఎస్పీకో కమిషనర్‌కో మెయిల్ కొట్టండి, వాట్సాప్ నంబర్ ఉంటే దానికీ పంపండి, మర్నాడు పోస్టాఫీసు తెరవగానే స్పీడ్ పోస్ట్ చేయండి. వెనకటి రోజుల్లో ఈ పనికి టెలిగ్రామ్ కొట్టేవాళ్లు, 2013లో ఆ సర్వీసే మూతబడింది. మెసేజ్ ఇంత చాలు:

"గౌరవనీయులైన ఎస్పీ గారికి, నా కొడుకు (పేరు, వయసు)ను ఈ రోజు ఫలానా తేదీ సాయంత్రం ఇన్ని గంటలకు మా ఇంటి నుంచి నలుగురు వ్యక్తులు, ఫలానా స్టేషన్ పోలీసులమని చెప్పి, ఫలానా నంబరు గల బండిలో తీసుకెళ్లారు. కారణం చెప్పలేదు, కాగితం ఇవ్వలేదు. స్టేషన్‌లో అడిగితే తమ దగ్గర లేడంటున్నారు. అతను ఎక్కడ ఉన్నాడో తెలపాలని, లాయర్ని కలవనివ్వాలని, 24 గంటల్లోపు మెజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలని, స్టేషన్ సీసీటీవీ ఫుటేజీ భద్రపరచాలని కోరుతున్నాను."

కోపం, శాపనార్థాలు, రాజకీయ విమర్శలు ఇందులో వద్దు. రేపు హైకోర్టులో జడ్జి ముందు పెట్టే కాగితం ఇదే, దీని మీద ఉన్న టైమే మీ ఆయుధం. సీసీటీవీ మాట ఊరికే చేర్చలేదు, స్టేషన్లలో కెమెరాలు ఉండాలని, రికార్డింగు నెలల తరబడి దాచాలని సుప్రీంకోర్టు 2020లో ఆదేశించింది. ఆ సమయానికే కెమెరా పనిచేయడం లేదని జవాబు రావచ్చు, వస్తే అదీ మీకు పనికొచ్చేదే.

24 గంటలు ఎప్పటినుంచి లెక్క అన్నది పెద్ద తగువు. మేం అరెస్టు రాసింది ఇవాళే కదా అంటారు పోలీసులు. మెమోలో రాసిన టైము కాదు, మనిషి స్వేచ్ఛని ఆపేసిన క్షణం నుంచే లెక్క అని 2024లో తెలంగాణ హైకోర్టు డివిజన్ బెంచ్ (ఇద్దరు జడ్జీల బెంచ్) చెప్పింది. మీ మెయిల్‌కి విలువ వచ్చేది ఇక్కడే.

మనిషి ఆచూకీ తేలకపోతే హెబియస్ కార్పస్. తల్లిదండ్రులు, భార్య, అన్నదమ్ములు, చివరికి స్నేహితుడైనా వేయొచ్చు, బంధించిన మనిషి సంతకం అక్కర్లేదు. సుప్రీంకోర్టుకి నేరుగా వెళ్లే హక్కున్నా ముందు హైకోర్టుకే వెళ్లండి, దగ్గర, త్వరగా వింటారు, పైగా 226 పరిధి ఇంకా పెద్దది. తెలంగాణవాళ్లు హైదరాబాద్, ఏపీవాళ్లు అమరావతిలోని నేలపాడు. అర్జెంటైతే లాయర్ని లంచ్ మోషన్ (అదే రోజు మధ్యాహ్నం వినమని కోరడం) అడగమనండి, సెలవు రోజైతే హౌస్ మోషన్ (జడ్జి ఇంటి దగ్గరే వినమని కోరడం). మీరు తీసుకెళ్లాల్సినవి ఆధార్ కాపీ, ఫొటో, మీరు రాసుకున్న టైముల కాగితం, మెయిల్ ప్రింటు, ఫుటేజీ ఉంటే పెన్‌డ్రైవ్. అఫిడవిట్‌లో మీరు కళ్లారా చూసింది వేరే, ఎవరో చెప్తే విన్నది వేరే రాయించండి, కలిపేస్తే ప్రభుత్వ ప్లీడర్ పట్టుకునేది దాన్నే.

ఇలా పిటిషన్ నంబర్ పడిందని తెలియగానే చాలాసార్లు పోలీసులు హడావిడిగా అరెస్టు చూపించి రిమాండుకి పంపేస్తారు. మెజిస్ట్రేట్ రిమాండ్ చేశాక మామూలుగా హెబియస్ కార్పస్ నిలవదు, కోర్టు పిటిషన్ మూసేస్తుంది. ఇంట్లోవాళ్లు ఓడిపోయామని కుంగిపోతుంటారు. నా ఉద్దేశంలో పని అయిపోయినట్టే, మనిషి ప్రాణాలతో జడ్జి కళ్లముందుకి వచ్చాడు. ఇక బెయిల్ దారి.

రిమాండ్ రోజు మాత్రం వదలొద్దు. రాత్రిపూట మెజిస్ట్రేట్ ఇంటి దగ్గర హాజరుపరుస్తుంటారు, లాయర్ని తీసుకుని అక్కడికి వెళ్లండి. పోలీసులు కొట్టారా అని మెజిస్ట్రేట్ అడుగుతారు, పక్కనే పోలీసులు నిలబడి ఉండగా లేదు సార్ అనేస్తారు చాలామంది. వీలుంటే ముందే చెప్పించండి: దెబ్బలుంటే అక్కడే చూపించమనండి, రాసుకోమని అడగమనండి. డాక్టరు రాసిన రిపోర్టు కాపీ అరెస్టయిన మనిషికి ఇవ్వాలి, అదీ అడగాలి. అరెస్టు కారణాలు చెప్పకపోతే ఆ అరెస్టే చెల్లదని 2025లో విహాన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది, కాబట్టి లాయరు రిమాండ్‌ని ఎదిరించేటప్పుడు మొదట అడగాల్సింది ఆ కారణాల కాగితమే. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసైతే విచారణకి రమ్మనే నోటీసుతో సరిపోయేదానికి అరెస్టెందుకని అడగండి, 2014 నాటి అర్నేశ్ కుమార్ తీర్పు ఉంది. జనం ఇంకా 41ఏ నోటీసు అనే అంటారు, కొత్త చట్టంలో అది 35(3). ఆడవాళ్లని సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు అసాధారణ పరిస్థితుల్లో తప్ప అరెస్టు చేయకూడదు, చేయాల్సొస్తే మహిళా అధికారి మెజిస్ట్రేట్ అనుమతి ముందే తీసుకోవాలి.

డబ్బుల్లేవని ఆగిపోకండి. కస్టడీలో ఉన్న ఎవరికైనా, మహిళలకీ, ఎస్సీ ఎస్టీలకీ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇవ్వాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కోర్టు ఆవరణలోనే ఉంటుంది, ఫోన్ నంబర్ 15100.

పీడీ యాక్ట్ (నేరం చేయకుండా ముందే ఆపే పేరుతో విచారణ లేకుండా లోపల పెట్టే చట్టం) అన్నారంటే లెక్క మారుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 1986లో వచ్చిన చట్టమిది, తెలంగాణలో దీన్ని వాడిన తీరుని సుప్రీంకోర్టు 2022లో, 2023లో గట్టిగానే తప్పుపట్టింది. 24 గంటల నియమం దీనికి వర్తించదు, ఏడాది దాకా లోపల ఉంచొచ్చు. నిజం చెప్పాలంటే మన రాజ్యాంగంలో నాకు మింగుడుపడనిది ఇదే, హక్కిచ్చిన 22వ అధికరణలోనే ఈ మినహాయింపూ పెట్టారు. అయినా కారణాలు అర్థమయ్యే భాషలో త్వరగా ఇవ్వాలి, విన్నపం పెట్టుకునే అవకాశం ఇవ్వాలి, మూడు నెలలు దాటాలంటే సలహా మండలి (ఈ నిర్బంధాలని పరిశీలించే మండలి) ఒప్పుకోవాలి. ఇచ్చిన కాగితాలు చదవడానికి రాకుండా ఉన్నా, తెలుగు అనువాదం ఇవ్వకపోయినా, విన్నపం మీద తాత్సారం చేసినా ఆ ఆర్డర్లు కొట్టేసిన సందర్భాలున్నాయి. ఇక్కడ హెబియస్ కార్పసే అసలు మందు, కాబట్టి వాళ్లిచ్చిన కాగితాలన్నీ కవరుతో సహా దాచండి.

ఎమర్జెన్సీ పెడితే ఇవన్నీ పోతాయా అని అడుగుతుంటారు. 1976లో పోయాయి. హెబియస్ కార్పస్ వేసే హక్కే లేదని సుప్రీంకోర్టు నాలుగు ఒకటి తేడాతో చెప్పింది, ఎదురు తీర్పు రాసింది జస్టిస్ ఖన్నా ఒక్కరే. ఆ తర్వాత 44వ సవరణతో 20, 21 అధికరణలని ఎమర్జెన్సీలో కూడా ఆపకూడదని రాసేశారు.

మనిషి ఇంటికొచ్చాక అక్రమంగా ఉంచినందుకు, కొట్టినందుకు నష్టపరిహారం అడగొచ్చు, హైకోర్టులోనే. బిహార్‌లో నిర్దోషిగా తేలాక కూడా 14 ఏళ్లు జైల్లో ఉంచేసిన రుదుల్ షా కేసులో 1983లో సుప్రీంకోర్టు పరిహారం ఇప్పించింది, ఆ దారిలోనే 1993లో ఒడిశాలో కస్టడీలో చనిపోయిన యువకుడి తల్లి నీలబతి బెహెరాకి లక్షన్నర వచ్చింది, ఆమె కేసు మొదలైంది సుప్రీంకోర్టుకి రాసిన ఒక ఉత్తరంతో. మానవ హక్కుల కమిషన్‌కీ రాయొచ్చు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, తెలుగులో రాసినా చాలు, కానీ ఘటన జరిగిన ఏడాదిలోపే రాయాలి, పైగా కమిషన్ సిఫారసు మాత్రమే చేస్తుంది. ఎస్పీకి కొట్టిన ఆ మొదటి మెయిల్ ప్రింటు దీనికీ జత చేయండి.